షింగ్రిక్స్: అక్కి టీకాకు అంత డబ్బు పెట్టొచ్చా?

జీఎస్‌కే కంపెనీ వాళ్ల షింగ్రిక్స్ టీకా నాకూ మా ఆయనకూ రెండేసి డోసులు పూర్తయ్యాయి. అక్కి (ఇంగ్లీషులో షింగిల్స్) రాకుండా కాపాడే టీకా ఇది. మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది, యాభై దాటినవాళ్లకు వేస్తారు. మేం కొన్నప్పుడు ఒక్కో డోసు పది వేల పైమాటే. మనిషికి రెండు డోసులు కాబట్టి ఇద్దరికీ కలిపి నలభై వేలు దాటింది. పెన్షన్ మీద బతికేవాళ్లకు చిన్న మొత్తం కాదు. అపార్ట్‌మెంట్‌లోనూ, మా పాత స్టాఫ్‌లోనూ చాలామంది "అంత పెట్టి వేయించుకోవడం అవసరమా మేడమ్?" అని అడుగుతున్నారు. ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి జువాలజీ చెప్పినదాన్ని, వివరం తెలియకుండా అవుననీ కాదనీ అనడం నాకు ఇష్టం ఉండదు. నా జవాబు అవుననే. అయితే ఏ ఆశతో డబ్బు పెట్టాలి, ఏ ఆశతో పెట్టకూడదు అన్నది కాస్త వివరంగా చెప్పాలి.

ఈ టీకా కోసం నేను వెతకడానికి కారణం మా పెద్దక్క. తెనాలిలో ఉంటుంది, డెబ్బై దాటింది, షుగర్ ఉంది. ముందు కుడి పక్కటెముకల దగ్గర సలుపు మొదలైంది. బరువేదో ఎత్తినందుకు నరం పట్టిందనుకున్నారు ఇంట్లో. తర్వాత ఎర్రగా కందింది, ఆ మీద నీటి పొక్కులు లేచాయి. రొమ్ము కింద నుంచి వీపు దాకా పాకి సరిగ్గా వెన్నుపూస దగ్గర ఆగిపోయాయి. ఎడమ పక్కకు ఒక్క పొక్కు కూడా దాటలేదు. ఊళ్లో కుమ్మరాయన్ని పిలిపించి జాజుతో అక్కి రాయించారు. ఆ తడి మట్టి చల్లగా హాయిగా ఉందంటుంది అక్క, ఆ మాట నేను కాదనను. కానీ వైరస్ మీద పనిచేసే ఎసైక్లోవిర్ లాంటి మాత్ర పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లేసరికి ఆ గడువు కాస్తా దాటిపోయింది.

పొక్కులు మాడిపోయాయి, పక్కులు రాలిపోయాయి, నొప్పి మాత్రం ఉండిపోయింది. అసలు బాధ అప్పుడు మొదలైంది. నేను వెళ్లి కూర్చుంటే "ఫ్యాన్ ఆపవే, గాలి తగిలితే మంటెత్తుతోంది" అనేది. మే నెలలో తెనాలిలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు తెలుసు. పాత నూలు జాకెట్లు, ఉతికి ఉతికి మెత్తబడ్డవి, కుట్టు పైకి వచ్చేలా తిరగేసి తొడుక్కునేది. లోపలి కుట్టు గీరుకుంటే తట్టుకోలేకపోయేది. ప్రీగాబలిన్ అనే నరాల నొప్పి మాత్ర వేస్తే నొప్పి కొంత తగ్గేది కానీ తల తిరిగేది, బాత్రూముకు వెళ్లాలంటే గోడ పట్టుకోవలసి వచ్చేది. అక్కి తగ్గాక కూడా మూడు నెలలు దాటి ఉండిపోయే ఇలాంటి నొప్పిని డాక్టర్లు పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. వయసు పెరిగేకొద్దీ అది పట్టుకునే అవకాశం పెరుగుతుంది. కొందరిని నెలల తరబడి, కొందరిని ఏళ్ల తరబడి వదలదు.

అక్కి బయట నుంచి కొత్తగా అంటుకునేది కాదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లోకి వచ్చిన వరిసెల్లా జోస్టర్ వైరస్సే దానికి కారణం. ఆటలమ్మ తగ్గిపోతుంది, వైరస్ పోదు. నరాల వెంట లోపలికి వెళ్లి వెన్నుపాము పక్కన గాంగ్లియాలు అనే నరకణాల ముడుల్లో, ముఖానికి వచ్చే నరాల ముడుల్లో దశాబ్దాలపాటు అణిగి ఉంటుంది. మన ఇమ్యూనిటీలో భాగమైన టీ కణాలు అనే రక్తకణాలు దాన్ని లేవనివ్వకుండా కాపలా కాస్తాయి. వయసు మీద పడి, లేదా కీమో వల్లో స్టెరాయిడ్ల వల్లో ఆ కాపలా సడలినప్పుడు ఏదో ఒక నరం ముడిలో వైరస్ మళ్లీ పెరిగి, అదే నరం వెంట చర్మంలోకి దిగుతుంది. అక్క ఒంటి మీద పొక్కులు గీత గీసినట్టు ఆగిపోయింది అందుకే, ఆ నరం ఏలే మేర అంతవరకే. అదే కంటి నరంలో లేస్తే చూపుకే ప్రమాదం. ముక్కు కొన మీద పొక్కు కనిపిస్తే వెంటనే కళ్ల డాక్టర్ దగ్గరకు పరుగెత్తాలి.

ఈ సంగతిని గట్టిగా ముందుకు తెచ్చినవాడు ఇంగ్లండ్‌లో సైరెన్‌సెస్టర్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీస్ చేసుకున్న ఎడ్గార్ హోప్ సింప్సన్ అనే మామూలు ఫ్యామిలీ డాక్టర్. తన దగ్గరకు వచ్చిన అక్కి కేసులన్నీ 16 ఏళ్లపాటు రాసిపెట్టుకుని, ఆ 192 కేసుల లెక్కతో 1965లో వ్యాసం ప్రచురించాడు. పెద్ద ల్యాబ్ లేదు, ఓపికగా నింపిన రిజిస్టర్ ఉంది. క్లాసులో ఈయన గురించి చెప్పడం నాకు ఎప్పుడూ ఇష్టంగా ఉండేది.

ఇక టీకా వేసే చోటు సంగతి. మొదట గుంటూరులోనే ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాం, పేరు అనవసరం. అక్కడ ఫార్మసీ కౌంటర్‌లో అబ్బాయి "బాక్స్ ఇస్తాం అమ్మా, పైకి తీసుకెళ్తే సిస్టర్ వేస్తుంది" అన్నాడు. బాక్స్ తీసి కౌంటర్ మీద పెట్టి బిల్లు కొట్టడం, కార్డు మెషిన్ పనిచేయకపోవడం, ఇంకొకళ్లకు మందులివ్వడం, ఇదంతా జరుగుతున్నంతసేపూ అది అక్కడే ఉంది. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసే రిజిస్టర్ చూపిస్తారా అంటే, అలాంటిదేమీ ఎవరూ అడగరండీ అన్నాడు. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకట్టిందంటే పారేయడమే. పది వేలు పోసి కొంటున్నది పాడైందో లేదో తెలుసుకోవడానికి నాకు వేరే దారేదీ లేదు. బిల్లు రద్దు చేయించి వచ్చేశాం.

తర్వాత మా డాక్టరుగారు చెప్పిన చిన్న టీకాల క్లినిక్‌కి వెళ్లాం. ఎక్కువగా చంటిపిల్లలకు వేసే చోటు. గోడ మీద కార్టూన్ బొమ్మలు, మా వయసు వాళ్లం మేమిద్దరమే. ఇక్కడ పని నాకు నిజంగా నచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద డిగ్రీలు కనిపిస్తున్నాయి, పక్కనే పొద్దునా సాయంత్రం రాసిన చార్ట్ వేలాడుతోంది. నర్సమ్మాయి బాక్స్ విప్పకముందే "మేడమ్, ఎక్స్‌పైరీ డేట్, బ్యాచ్ నంబర్ మీరే చూసి చెప్పండి" అని నా చేతికిచ్చింది.

లోపల రెండు చిన్న సీసాలుంటాయి. ఒకదాంట్లో తెల్లటి పొడి, రెండోదాంట్లో పూర్తిగా తేటగా ఉండని, వెలుగులో పెడితే కాస్త మసకగా మెరిసే ద్రవం. ఆ ద్రవం మొత్తం సిరంజిలోకి లాగి పొడి సీసాలోకి వదిలింది. గట్టిగా ఊపలేదు, పొడి కరిగేదాకా రెండు వేళ్ల మధ్య మెల్లగా తిప్పింది. మళ్లీ అర మిల్లీలీటరు లాగి భుజం కండలోకి ఇచ్చింది. "కలిపాక ఉంచకూడదు మేడమ్, అందుకే మీరు కూర్చున్నాకే విప్పాను" అంది. పని తెలిసిన మనిషి. వేశాక అరగంట కూర్చోబెట్టి, రెండో డోసు తేదీ కార్డు మీద రాసి పంపింది.

ఆ రెండు సీసాల్లోనే ఈ టీకా తెలివంతా ఉంది. పొడిలో ఉండేది వైరస్ పైపొరలోని ఒకే ఒక్క ప్రోటీన్, గ్లైకోప్రోటీన్ ఈ. వైరస్ మాత్రం ఇందులో లేదు, బతికింది లేదు, చచ్చింది కూడా లేదు. కాబట్టి దీనివల్ల అక్కి వచ్చే ప్రశ్నే లేదు, ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్లకు కూడా ఇవ్వొచ్చు. ద్రవంలో ఉండేది ఏఎస్01 అనే అడ్జువెంట్, అంటే ఇమ్యూనిటీని గట్టిగా కదిలించే పదార్థం. అందులో రెండు భాగాలు. ఒకటి సాల్మొనెల్లా బ్యాక్టీరియా పైపొర నుంచి తీసి విషం తగ్గించినది. రెండోది చిలీ దేశంలో పెరిగే క్విల్లాయా అనే చెట్టు బెరడు నుంచి తీసిన సపోనిన్. మన కుంకుడుకాయ నురగలో ఉండేవీ సపోనిన్లే, అయితే టీకాకు పనికొచ్చేది ఆ బెరడులోని ఒక ప్రత్యేకమైన రకం. ముసలితనంలో మందగించిన టీ కణాలను లేపడానికి ఒట్టి ప్రోటీన్ చాలదు, ఈ ద్రవం తోడు కావాలి.

ఆ లేపడం ఒంటికి బాగానే తెలిసింది. మొదటి డోసు తర్వాత ఆ రాత్రి వేసిన వైపు ఒత్తిగిలి పడుకోలేకపోయాను, జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవలేదు. రెండో డోసుకు చలి, ఒళ్లునొప్పులు, కాస్త జ్వరం కూడా వచ్చాయి. దుప్పటి కప్పుకుని పారాసిటమాల్ వేసుకుని మర్నాడంతా పడుకున్నాను, ఆ మర్నాటికి లేచి వంట చేశాను. మా ఆయనకు చెయ్యి నొప్పి తప్ప ఏమీ లేదు. ట్రయల్స్‌లో కూడా టీకా వేసిన చోట నొప్పి పది మందిలో దాదాపు ఎనిమిది మందికి, ఒళ్లునొప్పులు, నీరసం సగం మందికి కాస్త తక్కువగా కనిపించాయి. పెళ్లికో ప్రయాణానికో ముందు రోజు వేయించుకోవద్దు. అరుదైన ప్రమాదం ఒకటి కూడా చెప్పాలి. నరాలను దెబ్బతీసే గియాన్ బారే సిండ్రోమ్ గురించి అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరిక చేర్చింది. అక్కడి వృద్ధుల లెక్కల ప్రకారం పది లక్షల డోసులకు 3 అదనపు కేసులు ఉండొచ్చని అంచనా. ఆ జబ్బు ఇదివరకే వచ్చినవాళ్లు న్యూరాలజిస్టుతో మాట్లాడకుండా ముందుకెళ్లకూడదు.

పనితనం మాటకొస్తే, టీకాల్లో ఇంత మంచి ఫలితం అరుదు. 2015లో వచ్చిన ట్రయల్‌లో యాభై దాటిన పదిహేను వేల మందికి పైగా పాల్గొన్నారు. అక్కి రాకుండా ఆపడంలో 97 శాతం సమర్థత కనిపించింది. మరుసటి ఏడాది వచ్చిన మరో ట్రయల్‌లో డెబ్బై దాటినవాళ్లలో కూడా 90 శాతం దగ్గర నిలిచింది. దీనికి ముందున్న జోస్టావాక్స్, 2006లో వచ్చిన బతికున్న వైరస్ టీకా, అరవై దాటినవాళ్లలో 51 శాతమే ఆపగలిగింది, పైగా వయసు పెరిగేకొద్దీ ఇంకా తక్కువ. షింగ్రిక్స్ వేయించుకున్నవాళ్లను పదకొండేళ్లదాకా గమనిస్తే, చివర్లో కూడా దాదాపు 80 శాతం రక్షణ మిగిలే ఉంది. నాకు ముఖ్యమైన అంకె మాత్రం నొప్పిది. అక్క పడ్డ ఆ న్యూరాల్జియాను యాభై దాటినవాళ్లలో 91 శాతం, డెబ్బై దాటినవాళ్లలో దాదాపు 89 శాతం తగ్గించింది. నేను డబ్బు కట్టింది ఈ అంకె చూసే.

ఇప్పుడు అందరూ అడుగుతున్న రెండో సంగతి. "ఇది వేయించుకుంటే మతిమరుపు జబ్బు రాదట కదా?" అని వాట్సాప్‌లో వచ్చింది చూపిస్తున్నారు. ఆ వార్త వెనక నిజమైన పరిశోధన ఉంది, చాలా అందమైన పరిశోధన.

వేల్స్ దేశంలో 2013 సెప్టెంబర్ 1న ప్రభుత్వం అక్కి టీకా మొదలుపెట్టింది. 1933 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు వరసగా అర్హత వచ్చింది. ఆ ముందు రోజు పుట్టినవాళ్లకు కూడా ఇక జన్మలో అర్హత లేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పాస్కల్ గెల్డ్‌సెట్జర్ బృందం ఈ గీతను పట్టుకుంది. మామూలుగా టీకా వేయించుకున్నవాళ్లనూ వేయించుకోనివాళ్లనూ పోలిస్తే లెక్క తప్పుదారి పడుతుంది. టీకాకు వెళ్లేవాళ్లు సాధారణంగా చదువుకున్నవాళ్లు, నడక, తిండి అన్నీ చూసుకునేవాళ్లు అయి ఉంటారు. ఇక్కడ అలా కాదు. గీతకు అటూ ఇటూ వారం తేడాతో పుట్టినవాళ్లకు అలవాట్లలో తేడా ఏముంటుంది? టీకా వేయించుకున్నవాళ్లు మాత్రం ఒక వైపు సున్నాకు దగ్గర, ఇంకో వైపు 47 శాతం. ఏడేళ్లు గమనిస్తే, టీకా వేయించుకున్నవాళ్లలో డిమెన్షియా, అంటే ఆ మతిమరుపు జబ్బు, బయటపడటం దాదాపు 20 శాతం, అంటే వందమందిలో మూడున్నర మంది మేర తగ్గిందని 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో వేశారు. ఆడవాళ్లలో ఈ ప్రభావం ఎక్కువ. అదే ఏడాది ఆస్ట్రేలియా రికార్డుల్లోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. క్లాసులో ప్రయోగం, కంట్రోల్ గ్రూప్ అంటే ఏమిటో చెప్పేటప్పుడు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరికేది కాదు.

కానీ వేల్స్‌లో వేసింది పాత జోస్టావాక్స్, షింగ్రిక్స్ కాదు. షింగ్రిక్స్ గురించి ఉన్నది ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పని. అమెరికాలో 2017 చివర్లో పాత టీకా నుంచి కొత్త టీకాకు ఒక్కసారిగా మారారు కదా, ఆ మార్పుకు ముందువాళ్లనూ తర్వాతవాళ్లనూ పోల్చారు. డిమెన్షియా వచ్చినవాళ్లలో, కొత్త టీకా వర్గానికి అది సగటున 164 రోజులు ఆలస్యంగా బయటపడినట్టు 2024లో తేల్చారు. ఎందుకు? వైరస్ నరాల్లో లేవకుండా ఆపడం వల్లా, లేక టీకా ఇమ్యూనిటీని కదిలించడం వల్లా? అదే బృందం 2025లో ఇంకో సంగతి బయటపెట్టింది. ఆర్‌ఎస్‌వీ అనే ఊపిరితిత్తుల వైరస్‌కు వేసే ఒక టీకాలోనూ ఈ ఏఎస్01 ద్రవమే ఉంది, దాన్ని వేయించుకున్నవాళ్లలోనూ డిమెన్షియా తక్కువగా కనిపించింది. అంటే మేలు ఆ ద్రవం వల్లే కావచ్చుననే అనుమానం బలపడింది. మరో పక్క, అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవాళ్లకు వాలాసైక్లోవిర్ అనే హెర్పిస్ మందు ఇచ్చి చూసిన ట్రయల్‌లో జబ్బు నెమ్మదించలేదని 2025లోనే తేలింది. అది ఈ వైరస్‌కు చుట్టమైన ఇంకో హెర్పిస్ వైరస్‌ను గురిపెట్టిన ట్రయల్, పైగా జబ్బు మొదలయ్యాక ఇచ్చిన మందు. దానితో టీకా మాట కొట్టుకుపోదు, అలాగని దాన్ని తేలిగ్గా తీసేయలేం కూడా.

అందుకే అడిగినవాళ్లకు నేను చెప్పేది ఇదే. అక్కి కోసం వేయించుకోండి, దానికి రుజువు గట్టిగా ఉంది. మెదడుకు మేలు జరిగితే అది కలిసొచ్చినట్టు. కేవలం మతిమరుపు భయంతో అప్పు చేసి వేయించుకోవద్దు. ఇప్పటికే డిమెన్షియా ఉన్నవాళ్లకు ఇది మందు అని ఎవరైనా అంటే నమ్మొద్దు. మా అక్క కూడా వేయించుకుంది, నొప్పి తగ్గడానికి కాదు, మళ్లీ అక్కి రాకుండా. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాదన్న హామీ లేదు.

నా ఫిర్యాదు ధర మీద, అది బలమైన ఫిర్యాదే. బ్రిటన్‌లో ఈ టీకా కొత్తగా 65 నిండుతున్నవాళ్లకు, డెబ్బైల్లో ఉన్నవాళ్లకు ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. ఇక్కడ జాతీయ టీకాల కార్యక్రమంలో ఇది లేదు, నా ఆరోగ్య బీమా ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఇరవై వేలు పెట్టగలిగే ముసలివాళ్లు ఎంతమంది? పొలంలో నాట్లు వేసే ఆవిడకూ వెన్నుపాము పక్కన ఇదే వైరస్ ఉంది. ధర తగ్గడం అసాధ్యమని నేననుకోను. ఆఫ్రికా పిల్లలకు వేసే ఆర్‌టీఎస్,ఎస్ మలేరియా టీకాలో కూడా ఇదే ఏఎస్01 ఉంది, పెద్దల డోసులో ఉండేదానికి సగం. ఆ టీకా తయారీని జీఎస్‌కే మన హైదరాబాద్ భారత్ బయోటెక్‌కు అప్పగిస్తోంది, 2021లో ఒప్పందమైంది. 2028 నాటికి డోసు 5 డాలర్ల లోపుకు తెస్తామని 2025లో రెండు కంపెనీలూ ప్రకటించాయి. పరాన్నజీవి మీద పోరాడే టీకాకు కుదిరిన ఏర్పాటు అక్కి టీకాకూ కుదరాలి, దాన్ని ప్రభుత్వాలు గట్టిగా అడగాలి.

వేయించుకోబోయేవాళ్లకు చివరిగా ఒకటి రెండు మాటలు. బాక్స్ మీరు కొని సంచిలో వేసుకుని ఆటోలో తీసుకెళ్లే పద్ధతికి ఒప్పుకోవద్దు, ఫ్రిజ్ ఉన్న చోటే వేయించుకోండి, మీ ముందే కలపమనండి. షుగర్ ఉన్నా, బీపీ మాత్రలు వాడుతున్నా ఇబ్బంది లేదు. జ్వరంగా ఉంటే తగ్గాక వెళ్లండి, అక్కి లేచి ఉన్న సమయంలో వెళ్లొద్దు. రెండో డోసు రెండు నుంచి ఆరు నెలల మధ్య పడాలి. మొదటిదానికే ఒళ్లునొప్పులు వచ్చాయని కొందరు రెండోది మానేస్తున్నారు, పైన చెప్పిన అంకెలన్నీ రెండు డోసులు వేయించుకున్నవాళ్లవి. ఆరు నెలలు దాటిపోయినా మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, వెళ్లి ఆ రెండోది వేయించుకుంటే చాలు.